పడమర హద్దు

బరంపురంలో మా ఫ్లాటు లిఫ్టు పక్కన
అద్దం బిగించిన కాగితం ఒకటుండేది.
ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో
ముప్పై ఒక్క నియమాలు.
తెలుగులో లేవు గనక మనకి వర్తించవని
మా ఆయన జోకు వేసేవాడు
మొదటి జరిమానా పడేదాకా.

అది ఎండుచేపలకి.
రెండోది రాత్రి తొమ్మిది దాటాక మిషను తొక్కినందుకు.
పెళ్లిళ్ల రోజులు, పద్నాలుగు జాకెట్లు,
కింది ఫ్లోరు పాఢిగారి నిద్రలోకి నా సూది దిగిందట.
మూడోది తలుపుకి పసుపు రంగు వేసినందుకు.
అన్ని తలుపులూ కాఫీ రంగులోనే ఉండాలి.
ఒకసారి కరెంటు పోయిన సాయంత్రం
నాది కాని గుమ్మంలో నా తాళం తిప్పుతూ
చాలాసేపు నిలబడ్డాను.

పదకొండేళ్లు. నెలకి పద్దెనిమిది వందలు.
సొంతిల్లే గాని అద్దె మాత్రం పోలేదు.

అందుకే పర్లాకిమిడిలో ఇల్లు చూపించిన
బ్రోకరు దండపాణి సాహుని
నీళ్లెలా వస్తాయని అడగలేదు, వాస్తు అడగలేదు.
"సంఘం ఉందా?" అన్నాను.
"ఉంది ఉంది, మహిళా సంఘం, గురువారం గురువారం…"
"అది కాదు బాబూ.
నెల నెలా డబ్బు కట్టించుకునేది,
తలుపు రంగు చెప్పేది."
ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.
"తలుపు మీదే కదమ్మా" అన్నాడు.
అక్కడే బయానా ఇచ్చేశాను.
మా ఆయన ఇంకా మేడమెట్లు లెక్కపెడుతున్నాడు.

దస్తావేజు ఒడియాలో.
వాళ్ల అక్షరాలు గొడుగులేసుకుని నడుస్తాయి,
మనవి తలకట్టు కట్టుకుని.
వేలు పెట్టి చదువుకున్నాను నాలుగు హద్దులూ:
తూర్పు, కుముదినీ బెహరా ఇల్లు.
దక్షిణం, వీధి.
ఉత్తరం, గేదెల తవిటయ్య కొబ్బరిమొక్కలు.
పడమర, నాలా.
నాలా ఎవరిదో రాసి లేదు.
నేనూ అడగలేదు.

మొదటి వారం
తలుపుకి పసుపు, కిటికీలకి నీలం.
మేడ మీద నెత్తళ్లు ఎండేశాను.
అర్ధరాత్రి దాకా మిషను తొక్కాను,
పని లేనినాడు పాత చీరకి ఊరికే అంచు కుట్టుకుంటూ.
పీలికలన్నీ పడమటి కిటికీలోంచి ఊడ్చేశాను.
ఎవరూ తలుపు కొట్టలేదు.
నిజం చెప్పొద్దూ, కొంచెం వెలితిగా కూడా ఉంది.

తవిటయ్య కోడి మూడున్నరకే కూస్తుంది.
వీధి దీపం వెలగదు.
ఎవరిదో ట్రాక్టరు మా గేటుకి అడ్డంగా పడుకుంటుంది.
ఫిర్యాదు రాద్దామని కాగితం తీసి
ఎవరి పేరున రాయాలో తెలీక
దాని మీద జాకెట్టు కొలతలు రాసుకున్నాను.

శ్రావణంలో
మహేంద్రగిరి మీద మూడు రోజులు ముసురు.
నాలుగో రోజు నాలా మా వరండాలోకొచ్చి
చెప్పులన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంది.
నేను ఫోను పట్టుకుని
సెక్రటరీ నంబరు వెతుకుతున్నాను.
పాత అలవాటు.

గొడుగు లేకుండా వచ్చింది కుముదిని,
చీర మోకాళ్ల పైకి దోపి, భుజాన గునపం.
వెనక తవిటయ్య. ఆయన వెనక ఎవరో కుర్రాడు,
ట్రాక్టరు తాళం మెడలో వేలాడుతూ.
గంటసేపు ఏదో పొడిచి, లాగి,
బురద నిండిన తట్ట నా ముందుకి చాపి
"ధర" అంది.

పదకొండేళ్లు ఒడియా విన్న చెవే.
ఆవిడ నోట్లో ఆ మాట గుండ్రంగానే తిరిగింది.
అయినా నాకు తెలుగే వినబడింది.
"ఎంత?" అన్నాను.
"ఏటి ఎంత?" అన్నాడు తవిటయ్య.
"ధర అన్నారు కదా."

ముందు కుర్రాడు నవ్వాడు.
తర్వాత కుముదిని, గునపం మీద వాలిపోయి,
వాన నోట్లో పడుతున్నా ఆపుకోలేక.
"పట్టుకోమంతందమ్మా" అన్నాడు తవిటయ్య.
"బరువుంది. పట్టుకో."

పట్టుకున్నాను.

తట్టలో కొబ్బరిపీచు, పాలిథిన్ కవర్లు,
ఒక పిల్లాడి బూటు,
మిగతాదంతా నా గుడ్డపీలికలు.
ఎర్రవి, జరీవి, బురదలోనూ వెలవని పచ్చవి.
ఊర్లో దర్జీలు చాలామందే ఉండొచ్చు,
ఆ వీధిలో మాత్రం నేనొక్కతినే.
ఎవరూ ఏమీ అనలేదు.
ఒక్క జరిమానా వేసినా బాగుండేది.

ఇప్పుడు మిషను పక్కన గోనెసంచి ఒకటి వేలాడదీశాను.
దీపం సంగతి ఎవరూ ఎత్తడం లేదు.
ట్రాక్టరు ఇంకా గేటు ముందే ఉంటోంది.
ఆ కుర్రాడికి చెప్పాలి.
రేపు చెప్తాను.